ముసలమ్మ అలక

సిగ్నల్ దగ్గర కారు ఆగగానే విజయరాణి ఎడమకాలి చెప్పుకొనతో ఆ చిన్న పిడిని పక్కకి తిప్పేసింది.

చప్పున కాలు వెనక్కి తీసుకుంది. పక్కన స్టీరింగు పట్టుకున్న సత్యప్రసాద్ అప్పటిదాకా తీస్తున్న కూనిరాగం ఆపి ఎర్రలైటు వంకే చూస్తున్నాడు. హమ్మయ్య, గమనించలేదు.

ఆ పిడి సంగతి, బయల్దేరేటప్పుడు అతనే మురిసిపోతూ చెప్పాడు. "దీనికి పెట్రోలు మీటరు లేదండి. అదిగో, మన కాళ్ళ మధ్యనున్నదే ట్యాపు. నిలువుగా ఉంటే పెట్రోలు పారుతుంది, పక్కకి తిప్పితే బంద్." వాళ్ళ నాన్నల కాలం నాటి కారు. రేడియేటరు లేదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు, గాలికే చల్లబడే ఇంజను. ఏసీ సంగతి మాత్రం అడక్కూడదు.

ఇద్దరూ నలభై దాటినవాళ్ళే. ఇద్దరూ ఈ గల్ఫ్ దేశానికి బతుకుతెరువుకొచ్చినవాళ్ళే; ఆమె మనామాలో నర్సు, అతను ఇంజనీరు. హూరాలో ఆమె పక్క ఫ్లాటులో ఉండే సూర్యప్రభ పూనుకుని తెచ్చిన సంబంధం ఇది. "మనిషి బంగారం. ఊరి బయట కర్జకాన్ దాకా అలా తిరిగిరా. డ్యూటీకెళ్ళేలోపు ఫోన్ చేసి అవునో కాదో చెప్పు" అని పంపించింది. బంగారమో కాదో గీటురాయి మీద గీస్తే కదా తెలిసేది! విజయరాణి మొదటి మొగుడు స్కూటరు స్టార్టవకపోతే ముందు దాన్ని తన్నేవాడు, తర్వాత ఈమెను. పాలు తాగి మూతి కాల్చుకున్న పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందట. బండి ఆగినప్పుడే మగాడి అసలు రంగు బయటపడుతుందని ఆమె నమ్మకం.

పచ్చలైటు పడింది. కారు కదిలింది. ఎంతకీ ఆగదే! ట్యాపు సరిగ్గా పడలేదేమో అని ఆమె అనుకుంటూండగానే, కార్బురేటరులో మిగిలిన చుక్కలు కాస్తా అయిపోయి, ఖళ్ళుఖళ్ళుమని దగ్గి రోడ్డు పక్కన చతికిలబడింది.

"ఏమ్మా ముసలమ్మా, ఇవాళే అలగాలా నువ్వు?" అంటూ సత్యప్రసాద్ దిగాడు. "మీరు ఆ తలుపు తీసుకుని కూర్చోండి, గాలొస్తుంది. నేను వెనకుంటాను."

దీనికి ఇంజను వెనకే మరి. అతను మూత ఎత్తాడు. కాళ్ళ దగ్గరి పిడి సంగతే మరిచిపోయినట్టున్నాడు. కూర్చుంటే పరీక్ష సాగేదెలా? ఆమె కూడా దిగి వెళ్ళి పక్కన నిలబడింది.

"ఈ ఎండకి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయుంటుందండి" అంటూ అతను తాగే నీళ్ళతో రుమాలు తడిపి పెట్రోలు పంపుకి చుట్టాడు. పైపు విప్పి నోటితో ఊదాడు. ప్లగ్గు వైరు లాగబోతే వేలు చురుక్కున కాలింది. "అమ్మా!" అని ఊదుకున్నాడు, అంతే. తెల్లచొక్కా అంతా మసి. వెనక పికప్‌లోంచి ఒకడు హారన్ మోగించి "యల్లా! యల్లా!" అని కదలమంటూ అరిచాడు. సత్యప్రసాద్ గుండెల మీద చెయ్యి పెట్టుకుని, నవ్వి, "సారీ భాయ్, మా ముసలమ్మకి ఒంట్లో బాలేదు" అన్నాడు.

ఇంకా కోపం రాలేదేం? విజయరాణి అగ్నిలో ఆజ్యం పోసింది.

"నాకు డ్యూటీ టైమైపోతోందండీ! ఈ డొక్కుదాన్ని ఎవరు తెమ్మన్నారు మిమ్మల్ని?"

ఇప్పుడు పేలతాడు అనుకుని, తెలియకుండానే ఓ అడుగు వెనక్కి వేసింది. అది చూసి అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"తప్పు నాదేనండి. టాక్సీ పిలుస్తాను, మీరు హాయిగా వెళ్ళండి. మొహమాటపడకండి. సూర్యప్రభగారికి కూడా నేనే చెప్పుకుంటాను, నా కారే చెడిపోయిందని."

విజయరాణికి తన మీద తనకే అసహ్యమేసింది. గబగబా హ్యాండ్‌బ్యాగులోంచి మందు తీసి, అతని వేలు పట్టుకుని పొక్కు మీద రాసింది. భయం లేకుండా ఒక మగవాడి చెయ్యి పట్టుకుని ఎన్నేళ్ళయిందో! వదలబుద్ధి కాలేదు.

"టాక్సీ వద్దు. ఇంకొక్కసారి చూడండి" అంది.

అతను మూత వేసి వచ్చేలోపు ఆమె ముందుగా ఎక్కి, వంగి, పిడిని చేత్తో మెల్లగా నిలువుకి తిప్పేసింది. అతను తాళం తిప్పాడు. ముసలమ్మ కాసేపు మొరాయించి, రెండుసార్లు దగ్గి, టకటకమంటూ లేచింది.

"తడిగుడ్డ బాగా పనిచేసిందండీ" అంది విజయరాణి, అబద్ధానికి చెవులు ఎర్రబడుతుంటే.

"అవునండి, తడిగుడ్డే" అన్నాడతను గంభీరంగా.

కారు హాస్పిటల్ దారి పట్టింది. అతను మళ్ళీ కూనిరాగం అందుకున్నాడు. గేటు దగ్గర ఆమె దిగి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"సూర్యప్రభగారికి అవుననే చెప్తాను. కానీ దానికి ముందు మీతో ఒక నిజం..."

"వెళ్ళండి, డ్యూటీకి ఆలస్యమవుతోంది" అన్నాడు సత్యప్రసాద్. గేరు మార్చి, ఆమె మొహంలోకి చూడకుండా నెమ్మదిగా అన్నాడు: "ఇంకెప్పుడైనా నా పక్కన భయమేస్తే, ఆపమని ఒక్క మాట చెప్పండి, ఎక్కడైనా ఆపేస్తాను. ట్యాపు కట్టెయ్యక్కర్లేదు... తిప్పితే అది టక్కుమంటుందండి."