కన్ను తెరిచిన మంద

నైజాం రాజ్యం ఆఖరి ఏడు. మిర్యాలగూడ అవతల, మూసీలోకి జింకల మంద ఏటా దిగే దారిలోనే దొర బంగ్లా కట్టాడు. అన్నిటినీ తుపాకితో కాల్చి తిన్నాక, ఆ మందనే గోడ మీద రాయించాడు. రాసింది బొమ్మల పనివాడు నకాషి ఉప్పలయ్య. అతని పెండ్లాం, దొర వేటలో వెట్టికి జింకలు తోలబోయి ఆ తుపాకికే పోయింది.

"బొమ్మకు కన్ను రాసి తెరిచే ముందు మేకను కొయ్యాలె దొరా. ఆచారం."

"బొమ్మలకు గూడ మేకనారా? తెరువు." దొర నవ్వి, గోడ కిందే మంచమెక్కి నిద్రపోయాడు.

ఉప్పలయ్య దీపం పట్టి, కుంచెతో జింకల కండ్లన్నీ తెరిచాడు. వెనక్కి జరిగి చూస్తే, ఏటి వైపు రాసిన తలలన్నీ మంచం వైపు తిరిగి ఉన్నాయి. గచ్చు మీద గిట్టల చప్పుడు మొదలైంది.

"ఎవర్రా?" దొర నిద్రలోనే అడిగాడు.

"నీ బాంచెను, ఎవ్వరు లేరు. పండుకోండ్రి."

బయటికొచ్చి తలుపేసి, నెమ్మదిగా గొళ్లెం పెట్టాడు.