ఎడమ చెయ్యి

"దేవుడి పట్ల..." అని ఆగిపోయాడు ఎమెట్.

చర్చి నేలమాళిగలో పిల్లలందరూ వాడి వంకే చూశారు.

"అనేయరా బాబూ! అవతల బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి," వెనకనుంచి ఒకడు గొణిగాడు.

పిల్లలు కిసుక్కున నవ్వారు.

సిగ్నీ నవ్వలేదు. ఉత్తరతార బాలదళాన్ని ఇన్నేళ్ళుగా నడుపుతోంది. ప్రమాణం మధ్యలో ఆగిన కుర్రాణ్ణి ఎన్నడూ చూడలేదు.

"దేవుడి పట్ల, దేశం పట్ల నా ధర్మం నెరవేరుస్తాను. అంతేగా నాన్నా! మర్చిపోయావా?"

"మర్చిపోలేదు ఆంటీ. నాకు నమ్మకం లేదు. 'నిజమే పలుకుతాను' అని ఈ ప్రమాణంలోనే ఇప్పుడే కదా చెప్పాను!"

పదేళ్ళవాడి నోట్లో ఈ మాటలు ఎవరు పెట్టారో ఆమెకు తెలియనిది కాదు. గోడవారన టోపీ చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు వాడి తండ్రి హాస్కెల్. శీతాకాలం మొదట్లో చక్కెర మిల్లులో పనికని ఈ ఊరొచ్చాడు. ఆదివారం ప్రార్థనలో ఎవరికీ కనిపించిన పాపాన పోలేదు.

"మీరైనా చెప్పండి," అంది సిగ్నీ. "ఏ దేవుడైనా మాకు సమ్మతమే. చెట్టుకు మొక్కినా సరే."

"చెట్టుకూ మొక్కడండీ వాడు."

"పోనీ, పైపైన అనమనండి. లోపలికి తొంగిచూసేవాళ్ళెవరు?"

"తన లాభం కోసం అబద్ధమాడటం నేను నేర్పలేదమ్మా."

సిగ్నీకి ఒళ్ళు మండింది.

గోడమీద నీల్స్ ఫోటో ఉంది, మెడలో దళం కండువాతో. ఈ గదిలోనే ఆ ప్రమాణం చేసి పెరిగిన కొడుకు. వియత్నాం యుద్ధానికి వెళ్ళి, అక్కడి సైనికాసుపత్రిలో పోయాడు. శవపేటిక తెరవొద్దన్నారు. తారీకు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

పోయేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా? దిక్కులేనివాడిలా పోయాడా?

పదేళ్ళుగా ఆమె దేవుణ్ణి అడుగుతున్నది ఆ ఒక్కటే. వెళ్ళేనాడు బస్సు కిటికీలోంచి వాడు ఊపిన చెయ్యి, అది తప్ప ఆ తల్లికి ఏమీ మిగల్లేదు.

"దేవుడక్కర్లేని పిల్లాడికి ఇక్కడ చోటు లేదు. తీసుకెళ్ళండి."

మెడలో అప్పుడే వేసిన కండువాను ఎమెట్ తనే విప్పాడు. మడతపెట్టి బల్లమీద ఉంచాడు.

"భోజనం కూడా పెట్టరా నాన్నా?"

సిగ్నీ తలుపు వైపు చూపించింది.

హాస్కెల్ మాత్రం కదల్లేదు. "మీతో ఒక మాట చెప్పాలమ్మా. ఇది కాదు, వేరే సంగతి."

"దేవుణ్ణి కాదన్న నోటితో నాకేమీ చెప్పొద్దు."

ఆయన తలూపి, ఎడమ చెయ్యి చాచాడు.

ఎడమ చేత్తో కరచాలనం దళం ఆనవాయితీ. ప్రమాణం చేసినవాళ్ళకే ఆ హక్కు.

వెక్కిరింతకైనా హద్దుండాలి అనుకుని, సిగ్నీ రెండు చేతులూ ఏప్రన్ కిందికి పోనిచ్చింది.

ఆ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, దిగిపోయింది.

ఆ తర్వాత బడిలో ఎమెట్ పక్కన కూర్చునేవాళ్ళు కరువయ్యారు. 'చెట్టుకైనా మొక్కనివాడు' అని వాడికి పేరు పడింది. ఒకనాడు తండ్రీకొడుకులు పాత ట్రక్కులో సామాను వేసుకుని వెళ్ళిపోయారు. ఎక్కడికని అడిగినవాళ్ళు లేరు.

మంచు కరిగే వేళకు, గుండె ఆపరేషనుకు వెళ్ళిన పాస్టరు తిరిగొచ్చాడు. చర్చి నేలమాళిగలో సిగ్నీ ఆయనకు కాఫీ పోస్తోంది.

"హాస్కెల్ మీకు చెప్పాడా అమ్మా?"

"ఆ నాస్తికుడా? వెళ్ళిపోయాడు, పీడా పోయింది."

పాస్టరు ముఖం పాలిపోయింది. "వెళ్ళిపోయాడా! ఎక్కడికి?"

"నాకేం తెలుసు?"

"మీ కోసమేనమ్మా ఈ ఊళ్ళో పని వెతుక్కున్నది. 'ఆవిడకి నేనే చెప్పాలి, కాస్త చనువు ఏర్పడనివ్వండి' అంటే నేనూ నోరు విప్పలేదు."

"ఏమిటి చెప్పేది?"

పాస్టరు గోడమీది ఫోటో వైపు చూశాడు.

"నీల్స్‌కి కుడి చెయ్యి పోయిందట. 'మా దళంలో ఇలాగే ఇస్తాం' అని ఎడమ చెయ్యి అందించాడట, వార్డులో నర్సుకి."

కప్పు నిండి కాఫీ బల్లమీదికి పారుతోంది. సిగ్నీ చూడటం లేదు.

"ఆ నర్సు హాస్కెలేనమ్మా, మీవాడు ప్రార్థన చెప్పమని అడిగితే, తనకు నమ్మకం లేకపోయినా, వాడి ఊపిరి ఆగేదాకా ఆ చెయ్యి వదలకుండా చెబుతూనే ఉన్నాడు."