ఒకే బ్యాచ్

"గెడ ఫస్టు! ఇంజన్ సెకండు!"

మీసాల మాస్టరు కేక వినగానే, తాడు పట్టుకుని జారుతున్న అతనికి అరచేతుల కంటే కడుపే ఎక్కువ మండింది. మళ్ళీ వాడే!

నేవీ ఆఫీసర్ల కాలేజీలో అసలు పేర్లు ఎవరికీ పట్టవు. మొదటి రోజే మాస్టరు చెప్పేశాడు. "చుట్టరికాలూ స్నేహాలూ గేటు బయట వదిలి రండి. ఇక్కడ ఎవరికీ ఎవరూ ఏమీ కారు." సాయంత్రానికల్లా అందరికీ మారుపేర్లు వచ్చాయి. ఓడ అడుగున ఇంజన్ గదిలో నావికుడిగా మగ్గి, పరీక్షలు రాసి రాసి ఇక్కడిదాకా ఎక్కొచ్చాడు కాబట్టి అతను ఇంజన్. నిలువెత్తు వెదురులా ఉన్నాడు కాబట్టి వాడు గెడ. చదువు కాగానే ఒకే ఒక్క పరీక్షతో నేరుగా ఊడిపడ్డవాడు.

ఆ రోజే మాస్టరు అందర్నీ పెద్ద హాల్లోకి తీసుకెళ్ళి కాలేజీ చరిత్ర చెప్పాడు. ఒకప్పుడిది పడవలు బాగుచేసే షెడ్డట. మొదటి బ్యాచ్ వాళ్ళు మంచాల్లేక చిరిగిన తెరచాపలు పరుచుకుని పడుకున్నారట. అప్పట్లో నావికులు ముందు మెట్లు ఎక్కకూడదు. వెనక గుమ్మంలోంచి వచ్చి, పని చేసి, అటే పోవాలి. హాలు గోడకు నల్లచెక్క పలక. బ్యాచ్‌లో మొదటివాడిగా నిలిచి గౌరవ ఖడ్గం అందుకున్నవాళ్ళ పేర్లు దాని మీద ఇత్తడి అక్షరాల్లో మెరుస్తున్నాయి. ఇంజన్ గది నుంచి వచ్చిన పేరు అందులో ఒక్కటీ లేదు.

పలక అడుగున ఉన్న ఖాళీలో అతను మనసులోనే తన పేరు బిగించేసుకున్నాడు.

అడ్డం ఒక్కడే.

వాడు పుస్తకం తిరగేస్తే చాలు, పాఠం వచ్చేస్తుంది. నక్షత్రాన్ని చూసి ఓడ ఎక్కడుందో లెక్క కట్టడం అతనికి తల బద్దలయ్యే పని, వాడికి టీ తాగినంత పని. పక్క మీద వాలగానే వాడికి నిద్ర. అతనికి మోకాలి నొప్పి, పైగా వాడి గురక. పరుగులో అతను వెనకబడితే వాడు ఆగి తిరిగి చూస్తాడు. ఆ చూపు పుండు మీద కారం.

ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఆ ఆదివారం.

భార్య చూడటానికి వచ్చింది. తోటలో బెంచీ మీద ఇలా కూర్చుందో లేదో, పిలవకుండానే వాడొచ్చి పక్కన చేరాడు. ఆవిడ డబ్బా మూత తీసి ముందు వాడికే పెట్టింది.

"నేనూ ఇక్కడే ఉన్నాను," అన్నాడతను.

"మీకేం, ఎక్కడ పడేసినా బతుకుతారు. వాణ్ణి చూడండి, ఎలా పీక్కుపోయాడో!"

వాడి చొక్కా బొత్తాం వదులైందట. ఆవిడ సంచిలోంచి సూదీదారం తీసి, వాడికి ఆనుకున్నంత దగ్గరగా నిలబడి కుట్టింది. వంగి పళ్ళతో దారం కొరికింది. వాడు సిగ్గుపడి నవ్వాడు. అతని చొక్కాకి ఒక బొత్తాం అసలు లేనే లేదు. అది ఆవిడ కంటికి ఆనలేదు.

"ఈ బ్యాచ్ ఖడ్గం నాదే," అన్నాడతను ఉండబట్టలేక.

"మీకొస్తే ఏంటి, వాడికొస్తే ఏంటి?" అందావిడ తేలిగ్గా.

అతను చేతిలోని ముద్దను డబ్బాలో వదిలేశాడు.

చివరి పరీక్ష తెడ్ల పడవల పోటీ. రేవు గోడకు ఇవతలే, లోతు లేని నీళ్ళలో. అయినా కత్తి ఎవరిదో తేలేది అక్కడే. ఒక పడవకు అతను నాయకుడు, ఇంకో దానికి వాడు. పడవల్ని నీళ్ళలోకి దింపుతుంటే అతని కన్ను వాడి పడవ అడుగున పడింది. వాననీళ్ళు పోవడానికి ఉండే కన్నానికి బిరడా లేదు. హడావుడిలో ఇంకెవరూ చూడలేదు.

ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది. ఆ బొత్తాం గుర్తొచ్చింది. మింగేశాడు.

సగం దూరం వెళ్ళేసరికి వాడి పడవలో చీలమండలు మునిగాయి. వెనక నుంచి గగ్గోలు వినిపిస్తుందనుకున్నాడతను. నవ్వులు వినిపించాయి. తిరిగి చూస్తే, వాడు కన్నం మీద మడమ నొక్కిపెట్టి నిలబడి, "తోడండిరా, చేపలు టికెట్ లేకుండా ఎక్కేస్తున్నాయి!" అని హుషారు చేస్తున్నాడు. సగం మంది టోపీలతో నీళ్ళు తోడుతున్నారు, సగం మంది తెడ్లు వేస్తున్నారు.

గట్టు ముందు చేరింది అతనే. చప్పట్లు మాత్రం వెనక పడవకు పడ్డాయి.

"పడవ మునుగుతుంటే తోటివాళ్ళను నవ్వించాడు చూడండి, వాడూ ఆఫీసరంటే!" అన్నాడు మీసాల మాస్టరు. గెలిచినవాడి మొహం చూసిన నాథుడు లేడు.

తడి బట్టలతోనే వాడు నేరుగా అతని దగ్గరికొచ్చాడు.

"బిరడా లేదని చూశావు కదూ?"

బొంకుదామనుకున్నాడు. "చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు గెలుస్తావు."

వాడు పగలబడి నవ్వాడు. "హమ్మయ్య! పోనీలే పాపమని నన్ను గెలవనిస్తావేమోనని ఇన్నాళ్ళూ భయపడి చచ్చాను."

చెంప మీద కొట్టినా అతనికి అంత మంట పుట్టేది కాదు.

పడవను నడిపిన తీరుకు మార్కులు కలిపి, ఖడ్గం వాడికే ఇచ్చారు.

పరేడు ముగిసి బారులు విడిపోగానే చూడవచ్చినవాళ్ళంతా మైదానంలోకి ఉరికారు. భార్య పరుగెత్తుకొస్తోంది. అతని భుజాల మీద కొత్త ఆఫీసరు పట్టీలు. ఏళ్ళ తరబడి కన్న కల. అతను చేతులు చాచాడు. ఆవిడ అతన్ని దాటుకుని వెళ్ళి వాణ్ణి వాటేసుకుంది. అందరూ చూస్తుండగా వాడి నుదుటి మీద ముద్దు పెట్టింది.

చూడకూడదనుకుంటూనే అతను కళ్ళలో నిప్పులు పోసుకుని చూశాడు.

వాడు ఆవిడ చేతులు విడిపించుకుని వచ్చి, అతని ఎదుట నిటారుగా నిలబడి, కత్తిని రెండు చేతులతో ముందుకు చాచాడు.

"పట్టుకో నాన్నా, అమ్మ ఫొటో తీస్తుందట."