కొత్త బల్బు

"ఇంట్ల ఫోన్లు ఎన్ని ఉన్నయక్కా?" వైఫై డబ్బా ముందు నిలబడి అడిగాడు అతీఖ్. నెట్ నెమ్మదిగా వస్తోందని పిలిస్తే చూడడానికి వచ్చాడు.

"నాదొక్కటే," అంది నిఖిల. "ఆయన ఫోను ఆయనతోని తాండూరు పోయింది. అత్తమ్మకు ఫోన్ లేదు."

"మీ వైఫై మీద రెండు నడుస్తున్నయి మరి. ఒకటి కెమెరా."

"మా ఇంట్ల కెమెరా ఏడిది?"

అతీఖ్ గది చుట్టూ చూశాడు. పైకి వేలు చూపించాడు. పోయిన దసరాకు ఆమె భర్త శివశంకర్ తెచ్చి బిగించిన బల్బు.

పగలు ఇంటికి ఎవరొచ్చారో, నిఖిల పుట్టింటితో ఫోన్లో ఏం మాట్లాడిందో, సాయంత్రం తాండూరు నుంచి వస్తూనే అతను చెప్పేవాడు. చెప్పి కొట్టేవాడు. చాడీలు మోసేది అత్తేనని నిఖిల ఆమెతో మాటలు మానేసింది.

వాకిట్లోంచి అత్త పుష్పమ్మ రోజూ పిలిచినట్టే పిలిచింది. "నిఖిలా, జర బయటికొచ్చి కూసో బిడ్డా."

రోజూ వినబడనట్టు ఊరుకునే నిఖిల, ఇవాళ వెళ్లి ఆమె మంచం అంచున కూర్చుంది. అనంతగిరి దిక్కు నుంచి చలిగాలి కొడుతోంది.

"బల్బు సంగతి నీకు ఎర్కేనా అత్తమ్మా?"

"వాడు ఫోన్ల మన ఇల్లు జూస్తుంటే జూసిన. లోపట చెప్తే వాడు వింటడు." పుష్పమ్మ జరిగి, కప్పుకున్న దుప్పట్లో సగం కోడలి మీద వేసింది. "అందుకే గదా బిడ్డా, గీ చలిల మంచం బయటేసుకున్న."