ఛీత్కారం

"ఛీ!" అంది అత్తగారు, వంటగది గుమ్మంలో నిలబడి.

కొడుకు టీ కలిపి కోడలి చేతికి అందిస్తున్నాడు. రోజూ ఇదే వరస. పెళ్లానికి టీ కాచిచ్చే మగాణ్ణి చూస్తే పెద్దావిడకు ఒళ్లు మండుతుంది కాబోలనుకుని కోడలు తలొంచుకుని తాగేసింది.

ఆమె సిటీ బస్సు డ్రైవరు. నెల్లాళ్లుగా ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోంది. ఒళ్లంతా ముచ్చెమటలు, ఇక ప్రాణం పోతుందన్న భయం. రెండుసార్లు నడిరోడ్డు మీదే బస్సు ఆపేసింది. మూడోసారి ఆపితే స్టీరింగు సంగతి మరిచిపొమ్మన్నాడు డిపో మేనేజరు. చెమట కంపు కొట్టే యూనిఫాం చూస్తే తనమీద తనకే రోత పుడుతోంది.

"ఎందుకొచ్చిన ఉద్యోగం? మానెయ్. నేను లేనా?" అన్నాడు భర్త, తువ్వాలుతో ఆమె మెడ తుడుస్తూ.

"ఛీ!" అంది అత్తగారు మళ్లీ. "ఈ వేషాలేంటో తేలాల్సిందే. పద, రక్తం తీయిద్దాం."

"రక్తమెందుకమ్మా? అది ఉత్త భయం."

పెద్దావిడ వింటేనా! కోడల్ని రెక్క పుచ్చుకుని లాక్కుపోయింది. తనవి నాటకాలని రుజువు చేయడానికే ఈ తంటా అని కోడలికి మనసు విరిగిపోయింది. ఆ తర్వాత రెండు రోజులూ టీ గ్లాసు అత్తగారి మోచెయ్యి తగిలి నేలపాలైంది. దానికీ నోచుకోలేదనుకుంది.

మూడో రోజు డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లజోడు సర్దుకుంది.

"ఇది పిరికితనం కాదమ్మా. థైరాయిడ్ హార్మోను మితిమీరితే ఇలాగే దడ, వణుకు, భయం పట్టుకుంటాయి. విచిత్రమేంటంటే, మీ గ్రంథి దాన్ని తయారుచేయడం దాదాపు మానేసింది. అది బయటినుంచి ఒంట్లోకి వెళ్తోంది. థైరాయిడ్ మాత్రలేమైనా మింగుతున్నారా?"

"నేను కాదండీ, మా అత్తగారు..." అంటూనే కోడలు ఉలిక్కిపడింది. పెద్దావిడ మొహం తిప్పుకుంది. కోడలు కుర్చీ దూరంగా జరుపుకుంది. ఇన్నాళ్లూ ఈవిడ పక్కనేనా తను కూర్చుని భోంచేసింది!

వరండాలోకి రాగానే నిలదీసింది. "చంపేద్దామనుకున్నారా అత్తయ్యా?"

పెద్దావిడ సంచిలోంచి ఖాళీ మాత్రల సీసా తీసింది. "నెలకని కొంటే పదిహేను రోజులకే అయిపోతున్నాయి. నీ కడుపులోకే పోతున్నాయని అనుమానం. రుజువు లేకుండా ఎలా నోరెత్తను? అందుకే రక్తం తీయించాను."

"మరి పొద్దున లేస్తే నన్ను ఛీ కొట్టారెందుకు?"

"నిన్ను కాదే తల్లీ, నేను కన్నవాణ్ణి."