పాత ఫోటో

"చదివి చెప్పు టీచరమ్మా, తొందరగా! మా ఆయన జీవాలతో వంకలో ఉండాడు" అంటూ నల్లమ్మ చెప్పులైనా విడవకుండా తొమ్మిదో తరగతి గదిలోకి వచ్చేసింది. ఫోన్ ముందుకు చాపింది.

సరళ టీచర్ ఫోన్ అందుకుని చదివింది. 'పై ఊరి చెరువు కట్ట తెగుతాండాది. వంకలో ఉండేటోళ్లు గట్టెక్కండి. జీవాలను తోలుకోండి. అర్జంట్.' కింద ఒక ఫోటో. తెగిన కట్ట, దూకుతున్న ఎర్రనీళ్లు.

"ఎవరు పంపారు నల్లమ్మా?"

"ఎవురో తెలీదు. పేరు రాలే. ఉత్త నంబరే."

సరళ కిటికీలోంచి బయటికి చూసింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆ వంకలో నీళ్లు పారి ఏడేళ్లయింది. ఇప్పుడది ఊరికి దారి, నల్లమ్మ మొగుడు లింగప్పకు దొడ్డి. మధ్యాహ్నమైతే గొర్రెలను అందులోకి దింపి, ఇసుకలో చెలమ తవ్వి, తోడిన నీళ్లు తాపి అక్కడే మందను పడుకోబెడతాడు. చెరువులోనే నీళ్లు లేకపోతే కట్ట తెగడమేమిటి?

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది ఆమెకు. ఫోన్లో వచ్చిందల్లా నమ్మకూడదని నెల రోజులుగా ప్రతి శనివారం ఈ పిల్లలకు గొంతు నొప్పెట్టేలా చెబుతోంది. ఇప్పుడు పాఠమే నడిచి గదిలోకి వచ్చింది.

"ఐదు నిమిషాలు ఆగు నల్లమ్మా. మా పిల్లలే తేల్చి చెబుతారు."

"ఐదు నిమిషాలేందమ్మా! నేను పోయి తోలుకొస్తా. ఎందుకైనా మంచిది."

"ఈ ఎండలో పడి ఎందుకు పరిగెత్తేది? నీ కూతురు కూడా ఉంది కదా, చూడు ఎంత బాగా కనిపెడుతుందో!"

నల్లమ్మ కూతురు చౌడేశ్వరి అప్పటికే లేచి నిలబడింది. "పంపినోళ్లు పేరు రాయలే టీచర్. అర్జంట్ అని రాసినారు. భయపెట్టేటోళ్లే అట్ల రాస్తారు."

"శభాష్. ఇంకా?"

ముబారక్ సరళ ఫోన్ తీసుకుని ఆ ఫోటోను నెట్లో వెతికాడు. రెండు నిమిషాలైనా పట్టలేదు. "దొరికింది టీచర్! ఇది మూడేండ్ల కిందటి ఫోటో. మన రాష్ట్రం గూడా కాదు!"

క్లాసంతా చప్పట్లు కొట్టింది. సరళకు కళ్లు చెమ్మగిల్లినంత పనైంది. చెప్పిన చదువు ఇలా అక్కరకు రావడం ఎంతమంది టీచర్లకు దక్కుతుంది?

"అయితే తోలుకురావల్సిన పని లేదంటావా?" నల్లమ్మ ఇంకా గడప దగ్గరే ఊగిసలాడుతోంది.

"ఒట్టి అబద్ధం నల్లమ్మా. ఇంటికి పోయి అన్నం తిను."

అంతటితో ఆగినా బాగుండేది. ఊరి గ్రూపులో కూడా పెట్టింది సరళ. 'కట్ట తెగిందన్నది తప్పుడు వార్త. ఎవరూ నమ్మకండి. ఎవరికీ పంపకండి.' నలుగురైదుగురు దండాలు కూడా పెట్టారు.

గంట గడిచిందో లేదో, వంక వైపు నుంచి ఒకేసారి పది లారీలు వస్తున్నట్టు హోరు వినిపించింది.

సరళ పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రనీళ్లు. పై ఊళ్లలో తెల్లవార్లూ వాన కురిసి, చెరువు నిండి కట్ట తెగిందట. ఇక్కడ ఒక్క చినుకు పడకపోయె, ఎవరికి తెలుస్తుంది? లింగప్ప తుమ్మచెట్టు ఎక్కి ప్రాణం దక్కించుకున్నాడు. నలభై రెండు గొర్రెల్లో నాలుగు మిగిలాయి. ఆ ఇంటికి సేద్యమైనా, దాచిపెట్టుకున్నదైనా ఆ మందే.

నల్లమ్మ తిట్టలేదు. నాలుగు తిట్లు తిట్టినా సరళకు కొంత తెరిపిగా ఉండేది. గట్టు మీద కూలబడి, "చదువుకున్నోళ్లు చెప్పినారు గదాని నిలబడిపోతి. నాదే తప్పు" అంది. చౌడేశ్వరి తల్లి పక్కన కూర్చుని నీళ్లనే చూస్తోంది. టీచర్ వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

సరళ బడికి తిరిగొచ్చి ఖాళీ క్లాసులో కూర్చుంది. పై ఊరు ఎంత దూరం? ఆరు కిలోమీటర్లు. అక్కడ ఒక్క మనిషికి ఫోన్ చేసి అడిగితే పోయేది కదా! ఉన్న ప్రశ్నలన్నీ ఫోన్‌నే అడిగింది. మనిషిని ఒక్కటీ అడగలేదు. తోలుకొస్తానని పోతున్నదాన్ని తానే ఆపింది. ఈ పాపం ఏ చెరువులో కడిగితే పోతుంది?

దుఃఖం కాసేపటికి కోపంగా తిరిగింది. కబురు నిజమైనప్పుడు దొంగ ఫోటో ఎందుకు పెట్టినట్టు? ఆ ఫోటో లేకపోతే తాను నమ్మేదేమో! ముబారక్ వెతకడానికని నల్లమ్మ ఫోన్ నుంచి పంపుకున్న ఆ కబురు ఇంకా సరళ ఫోన్లోనే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేసింది.

"ఎవరండీ మీరు? ఎక్కడిదో పాత ఫోటో తెచ్చి పెడతారా? బుద్ధుండక్కర్లేదా?" గట్టిగానే అడిగింది.

 అవతలి నుంచి సంబరపడిపోతున్న గొంతు.

"మీరా టీచర్! నేను ఆసియాను, మీ తొమ్మిదో తరగతే. మామ పెండ్లికని మా నాని, అదే మా అమ్మమ్మ ఊరికొచ్చినా గదా, ఇది నాని ఫోన్. కట్ట మీద నిలబడి కండ్లారా చూసినా టీచర్. చౌడేశ్వరి వాళ్లమ్మకు ఫోన్ చేస్తే కలవలే. చిన్నపిల్ల చెప్తే నమ్మరని పేరు రాయలే. ఫోటో తీద్దామంటే ఈ ఫోన్లో కెమెరా పగిలిపోయి ఉండాది. ఆధారం చూపించంది నమ్మొద్దని మీరే చెప్పినారు గదా, అందుకే నెట్లో వెతికి మంచి ఫోటో పెట్టినా... జీవాలన్నీ గట్టెక్కినాయా టీచర్?"