మనిద్దరమే

మా పేటలో ఒంటరివాళ్ళు ఎవరూ లేరని, ఇంటింటా గోడకు బిగించిన మాట్లాడే పెట్టెలతో చేసిన సర్వే తేల్చింది. ప్రశ్న, పద్ధతి, ఫలితం ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. ఇంటింటికీ మనిషిని పంపి పలకరించే పథకం ఇక అక్కర్లేదని నివేదిక నేనే రాయాలి.

రాసేముందు ఒక్క ఇల్లు చూద్దామని వెళ్ళాను. పైడమ్మగారు ఒక్కరే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"ఇంట్లో ఇద్దరని చెప్పారేంటి మామ్మగారూ?"

ఆవిడ గోడమీది సర్వే పెట్టెను చూపించారు. "ఇంట్లో ఎంతమందని రోజూ అడుగుతాది గదమ్మా. నన్ను పలకరించేది అదొక్కటే. మనిద్దరమే కదే అన్నాను."

ఆ 'మన'లో రెండోది తనేనని పెట్టెకు తెలియలేదు.

నివేదిక రాయకుండానే ఇంటికొచ్చాను. తాళం తీయగానే మా గోడమీది పెట్టె అడిగింది, "ఇంట్లో ఎంతమంది?"

"మనిద్దరమే" అన్నాను, రోజూ అన్నట్టే.